ఆమేన్ అనలేకపోయిన సహోదరుడు

ధ్యానమునకు: 1 రాజులు 21:1–16, యోహాను 11:47–53, 2 సమూయేలు 23:13–17



గత కోత పండుగనాడు మన సంఘములలో ఒకదానియందు జరిగిన చిన్న సంగతి మీ యెదుట పెట్టవలెనని తోచినది. అది గోదావరి డెల్టాలో కాలువ చివరనున్న గ్రామము. ఆ ఆదివారము గుడియంతయు వరి కంకులతోను, అరటి గెలలతోను, గుమ్మడికాయలతోను నిండియుండెను. ప్రథమ ఫలములను బల్లయొద్ద పెట్టిన తరువాత సంఘపెద్ద యొకరు లేచి ప్రార్థించిరి. సార్వా పంట చేతికి వచ్చినందుకు దేవునికి స్తోత్రములు చెల్లించి, పోలవరము కట్ట త్వరగా ముగియవలెననియు, తమ శివారు పొలములకు దాళ్వా నీరు వంతుల బాధ లేకుండ అందవలెననియు వేడుకొనిరి. సంఘమంతయు ఒక్క గొంతుతో ఆమేన్ అనెను.

ఆ దినము అతిథిగా వచ్చిన కోయ సహోదరుడొకడు ముందు వరుసలో కూర్చుండియుండెను. ఆయన పాపికొండలకు ఎగువనున్న యొక చిన్న పల్లెలో సువార్తికుడు. అందరు ఆమేన్ అన్నప్పుడు ఆయన పెదవులు కదలలేదు. భోజనమునకు కూర్చున్నప్పుడు నేను మెల్లగా కారణమడిగితిని.

"అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దు. నేను ఆమేన్ అంటే మా ఊరు మునగాలని నేనే ప్రార్థన చేసినట్టు కాదా? ఆ నీళ్లు నిలిచే చోటనే మా గుడి ఉన్నది. మా అమ్మను పాతిపెట్టింది కూడా అక్కడే" అనెను.

ప్రార్థించిన పెద్ద ఆ ప్రక్కనే యుండి ఆ మాట వినెను. ఆయన కఠినుడు కాడు. "తమ్ముడూ, నీ బాధ నాకు తెలియక కాదు. కాని వంతుల్లో నీళ్లు అందక రెండెకరాలు ఎండిన ఏడు నేనూ చూశాను. అప్పుకు వడ్డీ కట్టలేక నా తమ్ముడు ఊరు విడిచి పోయాడు. మాకు నీళ్లు అడిగే హక్కు లేదా?" అనెను. ఇద్దరును కోపపడలేదు. ఇద్దరి కన్నులు చెమర్చినవి. విస్తళ్ల ముందు మేమందరము మౌనముగా కూర్చుంటిమి.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, నీవు చెప్పు స్తోత్రము అర్థము కానివాడు దానికి ఆమేన్ ఎట్లు చెప్పగలడని అడిగెను (1 కొరింథీయులకు 14:16). ఆయన అడిగినది భాషలనుగూర్చి. మనయెదుట నున్న ప్రశ్న ఇంకను కష్టమైనది. నా స్తోత్రము నా సహోదరునికి చక్కగా అర్థమైనది. అర్థమైనందువలననే అతడు ఆమేన్ అనలేకపోయెను. అట్టి ప్రార్థన దేవుని సన్నిధిని ఎట్లు నిలుచును?

ఇరుప్రక్కల నున్న సత్యము

మొదట న్యాయముగా మాటలాడుదము. ఆనకట్టలు కట్టుట పాపమని ఎవరును చెప్పజాలరు. 1852లో ధవళేశ్వరముయొద్ద కాటన్ దొర ఆనకట్ట ముగించక మునుపు ఈ డెల్టా ఒక యేడు వరదతోను, మరియొక యేడు కరవుతోను అల్లాడెను. ఈనాడు మనము తినుచున్న అన్నము ఆ కాలువల చలువయే. పోలవరమువలన క్రొత్తగా 7.2 లక్షల ఎకరములకు నీరు పారింపవలెననియు, కృష్ణా నదికి 80 టి.ఎం.సి.లు మళ్లింపవలెననియు, విశాఖపట్టణమునకు నీరు పంపవలెననియు, 960 మెగావాట్ల విద్యుత్తు తీయవలెననియు సంకల్పము. 2014లో దానిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించిరి. దాహముగొన్నవారికి నీరు కోరుట మంచి కోరికయే.

అయితే ఆ జలాశయము నిండుమట్టము 150 అడుగులు. నీరు ఆ మట్టమునకు నిలిచినప్పుడు స్థలము విడువవలసినవారు సుమారు లక్ష కుటుంబములు. వారిలో పెద్ద భాగము కోయలు, మరియు ప్రభుత్వమువారే మిక్కిలి బలహీనమైన తెగగా గుర్తించిన కొండరెడ్లు. ఈ పని నిమిత్తమే 2014లో ఖమ్మము జిల్లానుండి ఏడు మండలములు తెలంగాణము విడిచి ఆంధ్రప్రదేశ్‌లో కలుపబడినవి. దేవీపట్నము మండలములోని పల్లెలు ఇప్పటికే ఖాళీయై పునరావాస కాలనీలకు తరలిపోయినవి. 2022 జూలైలో భద్రాచలమునొద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఎగువ పల్లెలవారు గుట్టలమీద టార్పాలిన్ల క్రింద పసిబిడ్డలతో దినములు గడిపిరి. ఇది కూడ సత్యమే.

కాబట్టి నీరు మంచిదా చెడ్డదా యన్నది ప్రశ్న కాదు. అనేకుల మేలుకొరకు కొందరు నష్టపోవలెనని ఆ అనేకులే తీర్మానించుట న్యాయమా? ఇదియే ప్రశ్న.

కయప చెప్పిన లెక్క

ఈ ప్రశ్నకు పరిశుద్ధ గ్రంథములో ఒకడు తడుముకొనకుండ జవాబు చెప్పెను. ప్రధాన యాజకుడైన కయప సభలో లేచి, జనమంతయు నశించుటకంటె ఒక్కడు చనిపోవుట మేలని లెక్క చూపెను. పైకి చూచిన ఆ లెక్కలో తప్పు కనబడదు. ఒకటికంటె అనేకము ఎక్కువ గదా! అయినను క్రైస్తవులెవరును కయపను జ్ఞానియని పొగడలేదు. ఎందుకు?

యేసు ప్రభువును అనేకులకొరకు ప్రాణము పెట్టెను. కయపయు అనేకులకొరకు ఒక ప్రాణము పోవలెననెను. ఫలము ఒకటివలెనే కనబడును. భేదమేమనగా, యేసు తన్ను తాను ఇచ్చుకొనెను. కయప ఇచ్చినది ఇతరుని. త్యాగమనునది ఇచ్చువాని నోటినుండి మాత్రమే రాదగిన మాట. పుచ్చుకొనువాడు ఆ మాట పలికినయెడల అది త్యాగము కాదు, తీసికొనుట మాత్రమే. శంకుస్థాపనల సభలలో గిరిజనుల త్యాగము మరువరానిదని పెద్దలు చెప్పుట మనము వినుచున్నాము. ఆ మాట వినినప్పుడు, ఇచ్చినది ఎవరు, తీసికొన్నది ఎవరు, అడిగినది ఎవరినని మనము మనస్సులోనైనను ప్రశ్నించుకొనవలెను.

నాబోతు ధర ఎందుకు ఒల్లకపోయెను?

"ఊరకనే తీసికొనుటలేదు గదా, ఇంటికి ఇల్లు, భూమికి భూమి, చేతికి డబ్బు ఇచ్చుచున్నారు" అని కొందరందురు. అహాబు రాజు చెప్పినదియు అదే. అతడు నాబోతు ద్రాక్షతోటను మొదట దోచుకొనలేదు. దానికంటె మంచి తోట నిత్తుననెను, లేదా తగిన వెల నిత్తుననెను. సంతబేరముగా చూచిన అది న్యాయమైన బేరమే. అయినను నాబోతు ఒల్లక, అది తన పితరుల స్వాస్థ్యము గనుక ఇయ్యననెను. అతనికి ఆ నేల సరకు కాదు. తన తండ్రులకును, తన పిల్లలకును, తన దేవునికిని నడుమ నున్న నిబంధనకు గురుతు.

మన కోయ సహోదరునికి నేను ఒక మాట అడిగితిని: "కాలనీలో పక్కా ఇల్లు ఇస్తారు గదా, రోడ్డు పక్కన ఉంటుంది గదా?" ఆయన నవ్వి ఇట్లనెను: "ఇల్లు ఇస్తారు అయ్యగారూ. అడవి ఇవ్వలేరు గదా. ఇక్కడ వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు. తరువాత చింతపండు, అడ్డాకులు, తేనె, వెదురు. బియ్యం అయిపోయిన నెలలో కూడా అడవి మాకు అన్నం పెట్టేది. కాలనీలో పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? కూలికి పోవాలి. కూలి లేని రోజున?"

ఇది మనము బాగుగా ఆలోచింపవలసిన మాట. నష్టపరిహారము లెక్కవేయు గుమాస్తా కాగితములో ఇంటి కొలత యుండును, పొలము సర్వే నంబరు ఉండును, చెట్ల సంఖ్య యుండును. ఆకలి నెలలో అడవి పెట్టిన ముద్దకు ఆ కాగితములో గడి లేదు. వానకు ముందు ఊరంతయు కలిసి చేయు భూమి పండుగకు గడి లేదు. తల్లి సమాధికి గడి లేదు. గడి లేనందున అవి విలువలేనివని తలంచుట మన అజ్ఞానము. తోట చూచి కూరగాయలు మాత్రమే తలంచిన అహాబు అజ్ఞానము అట్టిదే.

చట్టము ఉన్నది, ముద్ర కూడ ఉన్నది

నాబోతును చంపించినది దొంగలు కారు. యెజెబెలు రాజు పేరట తాకీదులు వ్రాయించెను, ముద్ర వేయించెను, పెద్దలను సమకూర్చెను, ఉపవాసదినము చాటించెను, సాక్షులను ఇద్దరిని నిలిపెను. అన్నియు పద్ధతి ప్రకారమే జరిగినవి. అక్రమము ఎప్పుడును కాగితము లేకుండ రాదని దీనివలన నేర్చుకొందుము.

మన దేశములో గిరిజనుల నేలను కాపాడుటకు మంచి చట్టములే కలవు. అవి ఊరకనే రాలేదు. 1882నాటి మద్రాసు అడవి చట్టము మన్యములో పోడు సేద్యమును బిగించెను. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు ఆ బిగింపు ఒక ముఖ్య కారణము. ఆదిలాబాదు అడవులలో తన గోండుల నేలకొరకు నిలిచిన కొమరం భీము 1940లో జోడేఘాట్‌నొద్ద కాల్చబడెను. ఇట్టివారి రక్తముచేత చట్టము కన్నులు తెరచినది. 1959లో వచ్చిన భూమి బదలాయింపు నిబంధనలను 1970లో సవరించి, షెడ్యూలు ప్రాంతములో భూమి గిరిజనులు కానివారి చేతికి ఏ విధముగాను పోరాదని కట్టడి చేసిరి. మనవారు దానినే "ఒన్ ఆఫ్ సెవెంటీ" అందురు. 1997లో సమతా కేసులో సుప్రీముకోర్టువారు, ఆ ప్రాంతములోని ప్రభుత్వ భూమిని సహితము ప్రైవేటు గని కంపెనీలకు లీజుకు ఇయ్యరాదనిరి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము, అడవిబిడ్డలకు తరతరములుగా జరిగిన అన్యాయమును ఒప్పుకొని, వారు సాగుచేయు నేలమీదను, ఏరుకొను అటవీ ఫలములమీదను హక్కు గుర్తించెను. పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లు వ్రాయవలెననెను.

బైబిలు చదువు మనకు ఇవి క్రొత్త మాటలు కావు. భూమి దేవునిది గనుక దానిని శాశ్వతముగా అమ్మకూడదని లేవీయకాండము 25వ అధ్యాయము బోధించుచున్నది. ఒక గోత్రపు స్వాస్థ్యము మరియొక గోత్రమునకు పోరాదని సంఖ్యాకాండము 36వ అధ్యాయములో నున్నది. సెలోపెహాదు కుమార్తెలు మోషేయెదుట నిలిచి ఆడవారికిని నేలమీద హక్కు కావలెనని అడిగినప్పుడు, వారు చెప్పినది న్యాయమని దేవుడు తీర్పిచ్చెను. మూడువేల యేండ్ల క్రిందటి పాలెములలో వెలిగిన న్యాయము మన శాసన గ్రంథములలోను వెలుగుచున్నది.

కాని చట్టము పుస్తకములో నుండుట వేరు, పొలములో నుండుట వేరు. 2013నాటి భూసేకరణ చట్టము చెప్పుచున్నదేమనగా, షెడ్యూలు ప్రాంతములో భూమి తీసికొనుట వేరు దారి లేనప్పుడే చేయవలెను, గ్రామసభ సమ్మతి ముందుగా పొందవలెను. నీటి ప్రాజెక్టులలో భూములు మునుగుటకు ఆరు నెలలు ముందే పునరావాసము ముగించవలెను. ఆరు నెలలు ముందు! పునరావాసము ముగియక మునుపే వరద నీరు గుమ్మము తట్టినయెడల, కాగితముమీది ముద్ర యెవరిని కాపాడును?

"వారికి బడులు వద్దా, ఆసుపత్రులు వద్దా, ఎల్లప్పుడు అడవిలోనే ఉండవలెనా?" అని మరికొందరు అడుగుదురు. మంచి ప్రశ్నయే. బడిని, ఆసుపత్రిని వారును కోరుచున్నారు. డోలీలో గర్భిణిని మోసికొని కొండ దిగిన వారికి రోడ్డు విలువ మనకంటె ఎక్కువ తెలియును. అయితే తమకు ఏది మేలో చెప్పవలసినది ఎవరు? 2013లో సుప్రీముకోర్టు ఆజ్ఞ ననుసరించి ఒడిశాలోని నియమగిరి కొండలలో పన్నెండు గ్రామసభలు కూడినవి. బాక్సైటు గని కావలెనా వద్దా యని అక్కడి డోంగ్రియా కోందులనే అడిగిరి. పన్నెండు ఊళ్లును వద్దనినవి. ఆ కొండ తవ్వబడలేదు. అభివృద్ధి ఆగిపోయినదని ఏడ్చినవారున్నారు. నా మట్టుకు, మనుష్యుని మనుష్యునిగా ఎంచి అడుగుటయే అభివృద్ధిలో మొదటి మెట్టని తోచుచున్నది.

దావీదు పారబోసిన నీరు

ఇక మన సంగతికి వత్తము. మనము అహాబులము కాము, కయపలము కాము. మనము ఆనకట్ట కట్టమని ఆజ్ఞ ఇయ్యలేదు. కాలువలో నీరు వచ్చిన చేనికి పెట్టుకొందుము, అంతియే. నీరు త్రాగువానికి ఏ బాధ్యతయు లేదా?

దావీదు అదుల్లాము గుహలోనుండి, బేత్లెహేము గవినియొద్దనున్న బావి నీరు ఎవరైన తెచ్చి యిచ్చిన బాగుండునని ఆశపడెను. అది ఆజ్ఞ కాదు, దాహముతో అనిన మాట మాత్రమే. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి ఆ నీరు తెచ్చిరి. దావీదు దానిని త్రాగలేదు. ప్రాణమునకు తెగించి తెచ్చిన ఆ నీటిలో అతడు మనుష్యుల రక్తమును చూచెను గనుక యెహోవా సన్నిధిని పారబోసెను. ఆ ముగ్గురు ఇష్టపడి పోయినవారు. అయినను దావీదు చెయ్యి వణికినది. ఇష్టము అడుగబడనివారి వెలతో వచ్చిన నీటినిగూర్చి మన చెయ్యి ఎంత వణకవలెను!

మనము కాలువ నీరు పారబోయలేము. పారబోసినందున ఆ సహోదరుని ఊరు తేలి రాదు, మన పిల్లలు పస్తుందురు. దావీదునుండి మనము నేర్చుకొనవలసినది పారబోయుట కాదు, చూచుట. నీటిలో నీటిని మాత్రమే చూచువాడు ఒకడు, దానిని తెచ్చినవాని ముఖమును కూడ చూచువాడు ఒకడు. చూచినవాడు ఊరకుండలేడు. జక్కయ్య ప్రభువు ముఖము చూచిన దినమున ఏడ్చి ఊరకుండలేదు. ఎవనియొద్ద అన్యాయముగా తీసికొనెనో వానికి నాలుగంతలు తిరిగి ఇత్తుననెను.

మనము చేయదగినవి

మొదటిది, మన మాటను సరిచేసికొనవలెను. కట్ట త్వరగా ముగియవలెనని అడుగునప్పుడెల్ల, నీరు నిలుపకమునుపే అచ్చటివారికి ఇల్లు, సాగుకు పనికివచ్చు భూమి, ఉపాధి చేరవలెనని అంతే గట్టిగా అడుగవలెను. మన గ్రామసభలలోను, మన యెదుటకు వచ్చు నాయకులతోను ఆ మాట చెప్పవలెను. నీరు పొందువాడు అడిగిన మాటకు బరువు ఎక్కువ.

రెండవది, చెప్పుటకు కష్టముగా నున్నను చెప్పవలెను. మైదానమునుండి ఏజెన్సీకి పోయి, అప్పు క్రింద గిరిజనుని పొలము పట్టి, కౌలు పేరట, లేక గిరిజనుని పేరే పెట్టి బినామీగా సాగుచేయువారు కలరు. వారిలో మన గుడులలో కూర్చుండువారు లేరని నేను ప్రమాణము చేయలేను. ఆ పంటలో దశమభాగము తెచ్చి బల్లమీద పెట్టినయెడల దేవుడు దానిని అంగీకరించునా? మొదట ఆ నేల దాని సొంతదారునికి తిరిగి ఇయ్యవలెను, తరువాత కానుక.

మూడవది, చదువుకొన్న యౌవనులకు ఒక మాట. అటవీ హక్కుల చట్టము క్రింద దరఖాస్తు చేయుటకు సాక్ష్యములు కావలెను. ఆ సాక్ష్యములలో ఊరి పెద్దల వాఙ్మూలము చెల్లును. పాత బావులు, పూజాస్థలములు, శ్మశానములు సహితము చెల్లును. మన సహోదరుడు చెప్పిన తల్లి సమాధికి పరిహారపు కాగితములో గడి లేకపోయినను, ఈ చట్టములో చోటు కలదు. చదువురాని పెద్దలకు దగ్గర కూర్చుండి దరఖాస్తు నింపి యిచ్చుట, తిరస్కరింపబడిన దానికి కారణము వ్రాతమూలముగా అడిగి అప్పీలు చేయించుట మంచి పరిచర్య. దానికి గొప్ప ధనము అక్కరలేదు.

నాలుగవది, నీటిని పొదుపుగా వాడవలెను. ఒకరి ఊరు ఖాళీచేయించి వచ్చిన నీటిని గట్లు తెగగొట్టి మురుగు కాలువలోనికి వదలువాడు రెండుమారులు దోషి.

చెప్పదగిన ఆమేన్

ఇశ్రాయేలీయులు ఏబాలు గెరిజీము కొండలయొద్ద నిలిచి బిగ్గరగా ఆమేన్ అనవలెనని మోషే ఆజ్ఞాపించిన మాటలలో ఒకటి మనము తరచుగా మరచిపోవుదుము. పొరుగువాని సరిహద్దు రాయిని తీసివేయువాడు శాపగ్రస్తుడు అని లేవీయులు పలుకగా, ప్రజలందరు ఆమేన్ అనవలెను (ద్వితీయోపదేశకాండము 27:17). నీటి కొరకైన ప్రార్థనకు మనము త్వరగా ఆమేన్ అందుము. ఈ మాటకును అట్లే ఆమేన్ అనగలమా?

ఆ సాయంకాలము సహోదరుడు లాంచి అందుకొనవలెనని త్వరపడి బయలుదేరెను. ప్రార్థించిన పెద్ద ఆయన వెంట బస్సువరకు నడిచిపోయి, తన చేని బియ్యము చిన్న మూట కట్టి చేతికిచ్చెను. సహోదరుడు దానిని కాదనలేదు. "వచ్చే కోత పండుగకు కూడా రావాలి తమ్ముడూ" అని పెద్ద పిలిచెను. "ఊరు ఉంటే మా ఇప్పపువ్వు తెస్తాను పెద్దయ్యా, లేకపోతే వట్టి చేతులతో వస్తాను" అని ఆయన వెళ్లిపోయెను.

ఆ పెద్ద నాతో తరువాత అనిన మాట ఒక్కటే: "అయ్యగారూ, వచ్చే ఏడు నేను ఏమని ప్రార్థన చేయాలి?" నేను ఆయనకు వాక్యములు వ్రాసి ఇయ్యలేదు. నీరు అడుగుట మానవద్దని మాత్రము చెప్పితిని. ప్రక్కన కూర్చున్న సహోదరుడు ఆమేన్ అనగలిగిన మాటలతోనే అడుగుడని చెప్పితిని. సంఘములారా, ఆ ప్రార్థన మనమందరము కలిసి నేర్చుకొనవలసియున్నది. కోత పండుగకు ఇంక కొన్ని నెలలే యున్నవి.